కిటికీ గట్టు మీద పసుపు మాత్ర

నేను ఫోలిక్ యాసిడ్ మాత్రను. ముమ్మిడివరంలో ఓ పెంకుటింటి కిటికీ గట్టు మీద ఉండేదాన్ని. షీటులో పదిమందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు ఎనిమిదిమందిమి.

ఆశా కార్యకర్త మమ్మల్ని కొత్తకోడలి చేతిలో పెట్టి, "రోజూ ఒకటి, మరిచిపోకు తల్లీ" అంది. రెండు రోజులు వేసుకుంది. మూడోనాడు అత్తగారు, "ఇంకా నెల తప్పలేదు కదమ్మా, ఇప్పుడే మందులెందుకు? పెరట్లో తోటకూర లేదూ?" అంది. అంతే, కిటికీ ఎక్కాం.

ఆకుకూర మీద నాకు కోపం లేదు. అది నా పుట్టిల్లు. ఆకు అనే లాటిన్ మాట నుంచే నాకు పేరొచ్చింది. కానీ 1941లో అమెరికాలో నన్ను పిసరంత పోగుచేయడానికి నాలుగు టన్నుల పాలకూర కావలసివచ్చింది. కూరలో ఉన్న ఆ కాస్తలోనూ చాలా భాగం ఉడుకులోనే పోతుంది.

ఆకు లేకుండా, నన్ను తీసే కాలేయమూ లేకుండా నన్ను గాజు పాత్రల్లో కట్టింది 1945లో, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనలకు పెద్ద యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో మన గోదావరి అవతల భీమవరంలో పుట్టినాయన. నా ఒళ్లు మూడు ముక్కల అతుకు. సీతాకోకచిలుక రెక్కల పసుపులో ఉండే టెరిడిన్ ఒకటి, పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం ఒకటి, గ్లుటామిక్ ఆమ్లం ఒకటి. అతుకు సరిగ్గా కుదిరిందని సాక్ష్యం చెప్పింది ఓ బాక్టీరియా. కాలేయం నుంచి తీసిన నాతో ఎలా పెరిగిందో, కట్టిన నాతోనూ అలాగే పెరిగింది.

సుబ్బారావు గారి అన్నను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఆ జబ్బుకే నేను మందునయ్యాను. నా జీవితంలో ఇంతకన్నా గర్వపడే సంగతి లేదు. నన్ను కట్టడం తెలిసింది గనుకే కాస్త మార్చి అమినోప్టెరిన్ అనే మందు చేయగలిగారు. రక్తక్యాన్సర్ పిల్లలు కొందరు దానితో కొన్నాళ్లు తేరుకున్నారని 1948లో బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు.

ఆ పెద్దావిడకు ఎలా చెప్పను? బిడ్డకు మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం కడుపులో పడ్డ 28 రోజులకల్లా మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే వాటిలో సగం అయిపోతాయి. నా పని ఆ రోజులదీ, వాటి ముందు రోజులదీ.

కిటికీలోంచి సాయంత్రం ఎండ నేరుగా మా మీద పడేది. వెలుతురు నాకు పడదు, నా అతుకులు విడిపోతాయి. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ షీటును చీపురుతో పెరట్లోకి తోసేశారు. ఇప్పుడు కొబ్బరి డొక్కల గుట్ట పక్కన ఉన్నాం.

ఈ ఉదయం నూతి దగ్గర కోడలు వాంతి చేసుకుంది. అత్తగారు వీపు నిమిరి, సంబరంగా వియ్యపురాలికి ఫోన్ చేస్తోంది. ఎనిమిదిమందిమీ షీటులోనే ఉన్నాం.