విద్యారుణం తీరకుండా మాఫీ చేయడం ఎలా?

తీరిపోయిన అప్పు ఓటు వేయదు. రాజకీయాల్లోకి కొత్తగా వచ్చేవారు ముందుగా ఒంటబట్టించుకోవలసిన సంగతి ఇదే. అప్పు నిజంగా తీర్చేస్తే ఆ కృతజ్ఞత మహా అయితే ఒక ఎన్నిక దాకా నిలుస్తుంది. తీరుస్తామన్న మాట మీది ఆశ మాత్రం ఎన్ని ఎన్నికలైనా పచ్చగానే ఉంటుంది. రైతు రుణమాఫీ పుణ్యమా అని ఈ విద్యలో మనకు ఓనమాలు వచ్చు. 2014లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మాఫీ హామీ ఇచ్చిన పార్టీలే గెలిచాయి. గెలిచాక పరిమితులు, అర్హుల జాబితాలు, విడతలవారీ చెల్లింపులు వరసగా వచ్చిపడ్డాయి. అయితే ఇందులో పై చదువులు చదవాలంటే మాత్రం అమెరికా వెళ్లాల్సిందే. అక్కడ 4 కోట్లకు పైగా జనం మీద ప్రభుత్వ విద్యారుణం ఉంది. మొత్తం బాకీ సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్లు. మాఫీ చేసి తీరతామని ఒక పార్టీ, చేయనిస్తే ఒట్టని మరో పార్టీ, ఇద్దరూ ఓట్లు దండుకుంటూనే ఉన్నారు. బాకీ బాకీలాగే ఉంది. ఇంత ఘనకార్యం ఊరికే జరిగిపోలేదు, దాని వెనక యాభయ్యేళ్ల ఓపిక ఉంది. ఆ పద్ధతిని ఔత్సాహికుల కోసం విప్పి చెబుతున్నాం.

మొదట చేయాల్సింది మాఫీ కాదు, జనానికి మాఫీ తప్ప మరో గతి లేకుండా చూడటం. మామూలు అప్పు తీర్చలేనివాడికి నాయకుడితో పనిలేదు. కోర్టుకెళ్లి ఐపీ పెడతాడు. ఉన్నదేదో అప్పులవాళ్లకు పంచి, మిగతా బాకీ రద్దు చేయించుకుని, మళ్లీ బతుకు మొదలుపెడతాడు. ఆ కాగితాల మీద మీ ఫొటో ఉండదు, సభ ఉండదు, పాలాభిషేకం ఉండదు. కాబట్టి ముందు ఆ దారి మూసేయాలి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965లో ఉన్నత విద్యా చట్టం మీద సంతకం పెట్టిన నాడు విద్యారుణం కూడా మిగతా అప్పుల్లాంటిదే. డెబ్బయ్యో దశకంలో ఒక కథ పుట్టింది: కుర్ర డాక్టర్లు, లాయర్లు పట్టా చేతికి రాగానే ఐపీ పెట్టి సర్కారుకు టోపీ వేస్తున్నారని. అమెరికా చట్టసభ కాంగ్రెస్ తన సొంత ఆడిట్ విభాగం చేత లెక్క తీయిస్తే అలా రద్దయిన రుణాలు 1 శాతం కూడా లేవు. ఇలాంటి చోట లెక్కను పట్టుకుని వేలాడకూడదు, కథ చాలు. 1976లో మొదటి ఐదేళ్లు ఐపీ కుదరదన్నారు. 1990లో దాన్ని ఏడేళ్లు చేశారు. 1998లో గడువే ఎత్తేసి, ఎన్నేళ్లయినా కుదరదన్నారు. 2005లో ప్రైవేటు సంస్థలిచ్చే విద్యారుణాలను కూడా ఇదే గాటన కట్టారు. ఆ బిల్లుకు ఓటేసినవారిలో డెలావేర్ సెనేటర్ జో బైడెన్ ఒకరు. ఆయన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు.

పూర్తిగా మూశారంటే నింద మిగులుతుంది కనుక సన్నటి సందు ఒకటి వదలాలి. "భరించలేని కష్టం" ఉందని జడ్జిని ఒప్పిస్తే రద్దు చేయవచ్చని చట్టంలో రాశారు. 1987లో ఒక ఫెడరల్ కోర్టు ఆ కష్టానికి కొలత కట్టింది: ఇప్పుడు కనీస బతుకు గడవకపోతే చాలదు, మిగిలిన కిస్తీల కాలంలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటుందని కూడా రుజువు చేయాలి. అంటే అప్పు పోవాలంటే ముందు ఆశ పోయిందని సాక్ష్యాలు చూపించాలన్న మాట. దీంతో చాలామంది లాయర్లు ఈ కేసులు ముట్టుకోవడమే మానేశారు. వృద్ధాప్యంలో వచ్చే సోషల్ సెక్యూరిటీ సొమ్ములోంచి కూడా పాత విద్యారుణం కోసుకోవచ్చని 2005లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఇదే దేశంలో డొనాల్డ్ ట్రంప్ గారి అట్లాంటిక్ సిటీ తాజ్‌మహల్ కేసినో 1991లో దివాలా కోర్టుకెక్కి దర్జాగా అప్పులు సర్దుకుంది. కేసినో పెట్టి చితికిపోయినవాడికి రెండో అవకాశం ఉంది. ఆ కేసినోలో కొలువు కోసం హోటల్ మేనేజ్‌మెంట్ చదివి చితికినవాడికి లేదు.

దారి మూసేశాక మీ పేరుతో ఒక పథకం పెట్టాలి. ఇక్కడ నేర్పంతా గడువులో ఉంటుంది. 2007లో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకంతో వచ్చిన ప్రభుత్వ సేవా రుణమాఫీని చూడండి. టీచర్లు, నర్సులు, సర్కారు ఉద్యోగులు, సేవాసంస్థల సిబ్బంది 120 నెలల కిస్తీలు కడితే మిగిలింది మాఫీ. పథకం ప్రకటించిన పేరు ఇవాళే వస్తుంది, పని మాత్రం పదేళ్ల తర్వాత, ఇంకొకరి హయాంలో. 2017 అక్టోబరులో మొదటి వరస జనం 120 కిస్తీలు పూర్తి చేసి కిటికీ ముందు నిలబడ్డారు. 2018 నడిమికి 28 వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే 96 మందికి మాఫీ అయింది. తిరస్కరణకు కారణాలన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. రుణం నేరుగా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రకమై ఉండాలి. సర్కారు హామీతో బ్యాంకు ఇచ్చిన పాత రకమైతే ఎన్నేళ్లు కట్టినా సున్నా. కిస్తీ పథకం సరైనదై ఉండాలి. గడువు దాటకూడదు, ముందే కట్టేయడమూ కొందరి కొంప ముంచింది. కట్టిన సొమ్ములో ఒకటి రెండు సెంట్లు తగ్గినందుకు ఆ నెల మొత్తం లెక్కలోంచి జారిపోయినవారున్నారు. వసూలు కంపెనీకి ఫోన్ చేస్తే "మీరు అర్హులే" అన్న జవాబు విని ఏళ్ల తరబడి కట్టుకుంటూ పోయి, చివర్లో కాదని తెలుసుకున్నవారున్నారు. ఇందులో ఏ ఒక్కరి దుర్మార్గమూ లేదు, అందుకే ఎవరినీ శిక్షించే పని కూడా పడలేదు. కొత్తగా పథకాలు రాసేవారు ఈ హంగు తప్పక గమనించాలి.

ఇక అసలు ఘట్టం, భారీ మాఫీ. దీనికి ఎంచుకోవలసింది బలమైన చట్టాన్ని కాదు, కోర్టులో నిలబడుతుందో లేదో తెలియని చట్టాన్ని. అధ్యక్షుడికి ఆ అధికారం లేదు, కాంగ్రెసే చేయాలి అని, అప్పటికి అధ్యక్షుడైన బైడెన్ సొంత పార్టీ స్పీకర్ నాన్సీ పెలోసీ 2021లోనే బహిరంగంగా చెప్పారు. అయినా 2022 ఆగస్టులో, మధ్యంతర ఎన్నికలకు కొద్ది వారాల ముందు, తలా 10 వేల డాలర్లు, పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు తీసుకున్నవారికి 20 వేలు మాఫీ అని ప్రకటన వచ్చింది. ఖర్చు సుమారు 40 వేల కోట్ల డాలర్లని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టింది. ఆధారమేమిటంటే యుద్ధానికి వెళ్లే సైనికులను తలచుకుని 2003లో చేసిన ఒక చట్టం. అక్టోబరులో ఆన్‌లైన్ దరఖాస్తు తెరిచారు. అమెరికా సర్కారు చరిత్రలో అంత సుకుమారమైన ఫారం ఇంకొకటి లేదేమో! పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఫోను, ఈమెయిలు, అంతే. ఆదాయ పత్రం అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఐదు నిమిషాలు పట్టదు. రద్దు చేసే దారిలో మూరెడు సాక్ష్యాలు అడిగిన రాజ్యం, హామీ ఇచ్చే దారిలో ఏమీ అడగలేదు. 2.6 కోట్ల మంది వివరాలు చేరాయి, 1.6 కోట్ల మందికి ఆమోదం దొరికింది. కోర్టు అడ్డం పడింది కాబట్టి ప్రస్తుతానికి సొమ్ము జమచేయలేమన్న ఈమెయిళ్లు నవంబరులో వెళ్లాయి. అప్పటికి పోలింగ్ అయిపోయింది.

2023 జూన్ 30న సుప్రీంకోర్టు 6-3తో ఆ పథకాన్ని కొట్టేసింది. ఈ తీర్పులో ప్రతిపక్ష నాయకులు నేర్చుకోవలసింది చాలా ఉంది. కోర్టుకెక్కాలంటే ఎవరికైనా నష్టం జరగాలి కదా? ఎవరి అప్పు పోతే ఎవరికి నష్టం? మిజోరీ రాష్ట్రం పెట్టిన వసూలు సంస్థ ఒకటుంది. మాఫీ వల్ల ఖాతాలు తగ్గి ఆ సంస్థకు ఏడాదికి 4.4 కోట్ల డాలర్ల ఫీజు పోతుందన్నారు. ఆ సంస్థ మాత్రం స్వయంగా దావా వేయలేదు. దాని తరఫున రాష్ట్రమే నష్టపోయి చూపించింది. కోట్లమంది బాకీ ఒక పక్క, వసూలు కమీషన్ ఒక పక్క తూగితే కమీషనే బరువైంది. ఆ సాయంత్రం ఇరుపక్షాలకూ మేలే జరిగింది. ఒకరికి "మేం ఇవ్వబోతే వాళ్లు లాగేసుకున్నారు" అన్న మాట దొరికింది, రెండోవారికి "పన్నుదారుల సొమ్ము కాపాడాం" అన్న మాట దొరికింది. బాకీదారులకు కిస్తీ నోటీసులు దొరికాయి.

బైడెన్ హయాంలో 50 లక్షల మందికి, 18 వేల కోట్ల డాలర్లకు పైగా మాఫీ అయింది కదా, అది వట్టి మాటేనా అని ఎవరైనా నిలదీయవచ్చు. వట్టి మాట కాదు. అయితే ఆ జాబితా దగ్గరగా చూడండి: 120 కిస్తీలు కట్టినా లెక్క తప్పినవారు, ఇరవై ఏళ్లు పైబడి ఆదాయాన్ని బట్టి కట్టుకుంటూ వచ్చినవారు, పనిచేయలేని వికలాంగులు, 2015లో మూతపడ్డ కొరింథియన్ కాలేజీల్లాంటి చోట మోసపోయినవారు. వీళ్లలో ఎక్కువమందికి మాఫీ పాత చట్టాల ప్రకారం ఎప్పుడో దక్కాల్సింది. ప్రభుత్వం తానే పడ్డ బాకీని ఆలస్యంగా తీర్చి, దానికి దాతృత్వమని పేరు పెట్టుకుంది. ఉత్త చట్టం అమలును వరంలా ప్రకటించడం ఈ కరదీపికలో అత్యంత చవకైన చిట్కా.

విమర్శలకు జవాబులు కూడా దగ్గర పెట్టుకోవాలి. కాలేజీ ముఖం చూడని ప్లంబర్ పన్నుతో లాయరు అప్పు తీర్చాలా అన్నది వాటిలో వాడిగా ఉండే ప్రశ్న. దీనికి వైట్‌హౌస్ ఒక గడుసు జవాబిచ్చింది. కోవిడ్ కాలంలో వ్యాపారాలకిచ్చిన దాదాపు 80 వేల కోట్ల డాలర్ల పీపీపీ అప్పుల్లో అత్యధిక భాగం మాఫీ అయింది. అలా లబ్ధి పొంది విద్యారుణ మాఫీని తిట్టిపోసిన కాంగ్రెస్ సభ్యుల పేర్లు, మొత్తాలతో సహా, ట్విటర్లో పెట్టింది. వినడానికి బాగుంది గానీ ప్లంబర్‌కు అది సమాధానం కాదు. అసలు సమాధానం ఏమిటంటే, అప్పుతో నిజంగా మునిగేవాడు లాయరు కాదు. ఎక్కువగా ఎగవేతలోకి జారేది చదువు మధ్యలో ఆపేసి, పట్టా లేకుండా చిన్న మొత్తం బాకీతో మిగిలిపోయినవారు. అందరికీ తలా ఇంత అని పంచితే లాయరుకూ ముడుతుంది, నిజమే. ఎవరి పరిస్థితి ఏమిటో విడివిడిగా చూసి తేల్చే ఏర్పాటు దివాలా కోర్టు ఒక్కటే. దాన్ని మూసింది ప్లంబర్ కాదు.

కాలేజీల సంగతి ఇంకా గట్టి అభ్యంతరం. మాఫీ చేస్తారని తెలిస్తే కాలేజీలు ఫీజులు పెంచవా? పెంచుతాయి. పై చదువులకు కాలేజీ ఎంత ఖర్చు చెబితే అంతా అప్పిచ్చే పథకం 2006 నుంచి నడిచింది. ధర పెట్టేవాడు ఒకడు, అప్పిచ్చేవాడు ఒకడు, తీర్చేవాడు ఇంకొకడు అయితే ధర ఆగేదెక్కడ? 2025 జులైలో ట్రంప్ సంతకం పెట్టిన చట్టం కొత్తగా చేరేవారికి ఆ పథకాన్ని ఆపేసింది. అందులో న్యాయం ఉంది, ఒప్పుకోవాలి. కానీ తక్కువ పడ్డ సొమ్ముకు విద్యార్థి ప్రైవేటు సంస్థ గుమ్మం ఎక్కుతాడు. 2005 తర్వాత ఆ అప్పు మీదా ఐపీ కుదరదు కనుక, ఏ కాలేజీలో ఏ కోర్సు అని అడగాల్సిన భయం ఇచ్చేవాడికి తక్కువే. మునిగే అప్పయితేనే అప్పిచ్చేవాడు కళ్లు తెరిచి ఇస్తాడు.

ఇక్కడొక హెచ్చరిక. పనిచేసే మందును జనం కంట పడనివ్వకండి. 2022 నవంబరులో న్యాయశాఖ పెద్దగా హడావుడి లేకుండా దివాలా కేసుల్లో పట్టు సడలించి, సాక్ష్యాలకు బదులు ఒక ప్రమాణ పత్రం పెట్టింది. ఆ దారిలో వెళ్లినవారిలో అత్యధికులకు ఊరట దొరికింది. వెళ్లినవారే కొద్దిమంది. 10 వేల డాలర్ల వార్త తెలియనివాడు లేడు, ఈ వార్త తెలిసినవాడు లేడు. అంతకు ముందు ఏడాది డెమొక్రాట్ డిక్ డర్బిన్, రిపబ్లికన్ జాన్ కార్నిన్ కలిసి, పదేళ్లు దాటిన రుణానికి మళ్లీ ఐపీ వీలు కల్పించి కొన్ని కాలేజీల చేత కూడా నష్టం భరింపజేసే బిల్లు తెచ్చారు. రెండు పార్టీలూ కలిసి తెచ్చిన బిల్లుకు ఎవరి జెండా కప్పుతారు? అది చట్టం కాలేదు.

మనవాళ్ల సంగతి. అమెరికాలో చదివే తెలుగు కుర్రాళ్లలో స్టూడెంట్ వీసా మీద వెళ్లినవారికి అక్కడి ఫెడరల్ రుణమే రాదు, కనుక ఆ మాఫీతోనూ పనిలేదు. వాళ్లలో చాలామంది అప్పు హైదరాబాదు, విజయవాడ బ్యాంకుల్లో, నాన్న ఇంటి కాగితాల మీద ఉంటుంది. ఇక్కడ మన చట్టకర్తల ముందుచూపును మెచ్చుకోవాలి. 2016 నాటి దివాలా స్మృతిలో, జరిమానాల సరసన, రద్దు కాకూడని అప్పుల జాబితాలో విద్యారుణాన్ని అప్పుడే రాసిపెట్టారు. మామూలు వ్యక్తుల దివాలాకు సంబంధించిన అధ్యాయాలు మాత్రం ఇంకా అమల్లోకే రాలేదు. ద్వారం కట్టకముందే తాళం చేయించారు.

చివరిగా, తాజా నమూనా. 2025 చట్టం తెచ్చిన కొత్త కిస్తీ పథకం 2026 జులైలో మొదలవుతుంది. ఆదాయాన్ని బట్టి కట్టుకుంటూ పోతే మిగిలింది 30 ఏళ్లకు మాఫీ. ఆ మాఫీ అయిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసే పాత పద్ధతి కూడా 2026 నుంచి తిరిగొచ్చింది. అప్పుడు కట్టడం మొదలుపెట్టినవారికి విముక్తి 2056లో, పన్ను నోటీసుతో కలిపి. అధ్యక్ష ఎన్నికలు కూడా సరిగ్గా ఆ ఏడే ఉన్నాయి, హామీలు సిద్ధం చేసుకోవడానికి మీకు కావలసినంత వ్యవధి ఉంది.