పాపం, పెద్దాయన బతుకు బుగ్గైపోయింది

నందిగామ టీకొట్ల దగ్గరా జగ్గయ్యపేట బస్టాండులోనూ పెద్దమనుషులు చెప్పుకునే భయం ఒకటుంది. ఏ ఆడమనిషో వేలెత్తి చూపిస్తే చాలు, ఎంతటివాడి బతుకైనా బుగ్గైపోతుందట. అత్తింట నిందలు మోసి చివరికి అగ్నిలో కలిసిన తిరుపతమ్మకు ఏటా తిరునాళ్ల జరిపే పెనుగంచిప్రోలు ఈ రెండు ఊళ్లకూ కూతవేటు దూరమే. ఆ మంటల్లోకి వెళ్లింది ఎవరో ఈ భయస్తులకు గుర్తున్నట్టు లేదు. అయినా కష్టం ఎవరిదైనా కష్టమే కాబట్టి, కాలిపోయిన పెద్దాయనల బూడిద ఎక్కడ రాలిందో వెతికి చూడటం కనీస మర్యాద.

దేశంలోకెల్లా ఎత్తైన కుర్చీల్లో ఒకదాని దగ్గర మొదలుపెడదాం. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మాజీ ఉద్యోగిని ఒకామె, అప్పటి ప్రధాన న్యాయమూర్తి రంజన్ గొగోయ్ తనను లైంగికంగా వేధించారని 22 మంది న్యాయమూర్తులకు అఫిడవిట్ పంపారు. ఆయన ఖండించారు, అది ఆయన హక్కు. కానీ ఆ శనివారమే హడావుడిగా కొలువుదీరిన ప్రత్యేక ధర్మాసనానికి అధ్యక్షులు కూడా ఆయనే. తర్వాత వేసిన అంతర్గత విచారణ సంఘంలో మన వీరులపాడు మండలం పొన్నవరం రైతుబిడ్డ జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్నారు. ఆయనకూ ప్రధాన న్యాయమూర్తికీ స్నేహం ఉందని ఫిర్యాదుదారు అభ్యంతరం చెబితే, ఆ అభ్యంతరాన్ని ఒప్పుకోకపోయినా ఆయన తప్పుకున్నారు. పొన్నవరానికి తోచిన ఈ పద్ధతి, ఆరోపణ ఎవరి మీద వచ్చిందో వారికి ఆ శనివారం తోచలేదు. ఆ ధర్మాసనంలో కూర్చోకుండా ఉండాల్సిందని 2021లో ఆత్మకథ విడుదలయ్యాక గొగోయే అన్నారు. లాయరును తోడు తెచ్చుకోనివ్వడం లేదని ఆమె విచారణ నుంచి మధ్యలోనే బయటికొచ్చేశారు. మే 6న ఆరోపణల్లో పస లేదని ప్రకటన వచ్చింది. నివేదిక మాత్రం బయటికి రాలేదు, అడిగినా ఆమె చేతికీ రాలేదు.

ఇప్పుడు నష్టాల పద్దు రాద్దాం. ఆమె ఉద్యోగం 2018 డిసెంబరులోనే పోయింది, అనుమతి లేకుండా సెలవు పెట్టడం కూడా అందులో ఒక నేరం. ఢిల్లీ పోలీసు శాఖలో పనిచేసే భర్త, ఆయన సోదరుడు సస్పెండయ్యారు. లంచం ఫిర్యాదు మీద ఆమెను అరెస్టు చేశారు, ఆ కేసును తర్వాత మూసేశారు. 2020 జనవరిలో ఆమెను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. పస లేని ఆరోపణ చేసిందన్న మనిషిని పిలిచి కుర్చీ ఎందుకిచ్చారో, ఇవ్వదగ్గ మనిషే అయితే అసలెందుకు తీసేశారో ఆ కనిపించని నివేదికనే అడగాలి. ఇక రెండో వైపు పద్దు చిన్నదే. అదే ఏడాది మార్చిలో, బుగ్గైపోయిన ఆ బతుకు రాజ్యసభలో ప్రమాణస్వీకారం చేసింది.

ఒక్కరి జాతకం చూసి తీర్పు చెప్పకూడదంటారా, సరే. తమను లైంగికంగా వేధించారని పలువురు మహిళా జర్నలిస్టులు ఆరోపించాక 2018 అక్టోబరులో ఎం.జె. అక్బర్ కేంద్ర సహాయమంత్రి పదవి వదులుకున్నారు. అది నష్టమే, ఒప్పుకోవాలి. అయితే ముద్దాయిగా కోర్టు మెట్లెక్కింది నోరు విప్పిన ప్రియా రమణి. అక్బర్ వేసిన పరువునష్టం కేసులో రెండేళ్లకు పైగా తిరిగి, 2021 ఫిబ్రవరిలో ఆమె నిర్దోషిగా బయటపడ్డారు. 2025లో దేశం తరఫున మాట్లాడటానికి ఐరోపా వెళ్లిన ప్రతినిధి బృందంలో అక్బర్ ఉన్నారు. తమను వేధించారని ఆరోపిస్తూ మల్లయోధురాళ్లు ఢిల్లీ రోడ్డున కూర్చున్నాక, అప్పటి రెజ్లింగ్ సమాఖ్య అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్‌కు 2024లో ఎంపీ టికెట్ రాలేదు. కొడుక్కి వచ్చింది, గెలిచాడు. పాసుపుస్తకం తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మారితే పొలం పోయిందని మన మెట్టలో ఎవరూ ఏడవరు.

మరి జానీ మాస్టర్ సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. తన దగ్గర పనిచేసిన అమ్మాయి ఫిర్యాదు మీద 2024 సెప్టెంబరులో పోలీసులు ఆయనను గోవా దాకా వెళ్లి పట్టుకొచ్చారు, పోక్సో పెట్టారు, జాతీయ అవార్డు నిలిపేశారు, జనసేన పార్టీ దూరం పెట్టింది. నేరం రుజువయ్యేదాకా ఆయన నిందితుడే తప్ప దోషి కాదు, ‘పెద్ది’ సినిమా పాటతో మళ్లీ పనిలోనూ పడ్డారు. ఆ నెల రోజుల పైచిలుకు జైలు మాత్రం నిజమైనదే. కాకపోతే సినిమా రంగంలో డ్యాన్స్ మాస్టర్ కుర్చీ మరీ అంత ఎత్తైనదేం కాదు. అంతకన్నా ఎత్తైన కుర్చీల సంగతి తెలియాలంటే, సినిమా రంగంలో లైంగిక వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో వేసిన కమిటీ 2022లో ఇచ్చిన నివేదిక చదవాలి. దాన్ని బయటపెట్టండి బాబూ అని 2024 ఆగస్టులో నటి సమంత అడగాల్సి వచ్చింది. 2018లో ఫిల్మ్ ఛాంబర్ ముందు ఇలాంటి వేధింపుల మీదే నిరసనకు దిగిన నటి శ్రీరెడ్డి మీద నటీనటుల సంఘం ‘మా’ నిషేధం పెట్టడానికి మాత్రం ఇన్నేళ్లు పట్టలేదు. ఎత్తేయడానికీ పట్టలేదులెండి.

తప్పుడు ఫిర్యాదుల మాటేమిటి? పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో 14వ సెక్షన్ దానికోసమే ఉంది: దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు ఇస్తే చర్య తీసుకోవచ్చు, రుజువు కాకపోవడాన్ని మాత్రం అబద్ధమనకూడదు. 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు పేరే కాదు, పెద్దాయన పేరు కూడా బయట పెట్టకూడదు. విచారణ సాగుతుండగా, ఆమె రాతపూర్వకంగా కోరితే, ఆమెనైనా ఆయననైనా బదిలీ చేయమని కమిటీ సిఫారసు చేయవచ్చు. మన ఆఫీసుల్లో ఎవరి బదిలీ కాగితం ముందు టైపవుతుందో వేరే చెప్పాలా?

ఇన్ని కంచెలున్న పెద్దాయనను వదిలి మిరపచేల దాకా వద్దాం. జయంతిపురం సిమెంటు ఫ్యాక్టరీలాంటి చోట లోపలే కమిటీ ఉండాలి. పదిమంది లేని చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థానిక కమిటీ దిక్కు. ఫిర్యాదు తీసుకుని ఏడు రోజుల్లో ఆ కమిటీకి పంపడానికి మండలంలోనూ పట్టణంలోనూ నోడల్ అధికారి ఉండాలి. వీళ్లందరినీ నియమించండని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గడువులు పెట్టింది, అంటే చట్టం వచ్చిన 11 ఏళ్లకు. ఫిర్యాదు చేయడానికి ఆమెకు చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు. కోతలకు పొరుగూరి నుంచి ముఠాలో వచ్చిన కూలి ఆ మూడు నెలల్లో ఆ అధికారి ఎవరో కనుక్కోవాలి, రోజు కూలి వదులుకుని వెళ్లాలి, కూలి డబ్బు ఇంకా మేస్త్రీ దగ్గరే ఉండగా మేస్త్రీ మీద రాసివ్వాలి. రాసిచ్చిందే అనుకోండి, వచ్చే ఏడు ముఠాలో ఆమెకు చోటుండదు. మేస్త్రీకి రాజ్యసభ రాదు, ఆ మాట నిజం. ముఠా మాత్రం వచ్చే ఏడూ అతనిదే.