చేతికి గడియారం ఉంది, దేనికీ వేళ లేదు

మా రోజుల్లో ఇంటింటికీ గడియారం ఉండేది కాదు. అయినా వేళ తెలియని మనిషి ఊళ్లో ఉండేవాడు కాదు. పొద్దున 6.45కి రేడియోలో విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. 7.05కి ఢిల్లీ వార్తలు వచ్చేలోగా పిల్లల స్నానాలు అయిపోవాలి. ఆ తర్వాత మొదటి బస్సు, మిల్లు కూత, బడి గంట. ఒకరి పని ఇంకొకరి పనిని ఆనుకుని ఉండేది. నూతి దగ్గర నేను జాగు చేస్తే నాన్నకు బస్సు తప్పిపోతుంది. ఆ భయమే మాకు క్రమశిక్షణ నేర్పింది.

ఇప్పుడు నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లు. నాలుగూ సెకను తేడా లేకుండా ఒకే టైమ్ చూపిస్తాయి. ఆ నలుగురూ కలిసి అన్నానికి కూర్చునే వేళ మాత్రం లేదు. అలారం మోగితే దాని నోరు నొక్కి మళ్లీ ముసుగు తన్నుతారు. ఎవరిని కదిపినా "టైమ్ లేదు తాతయ్యా" అనే మాటే. అర్ధరాత్రి దాకా రీల్స్ చూడటానికి ఆ టైమ్ ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పరు.

మా మనవడు పొమొడోరో పద్ధతి అంటూ ఒక యాప్ పెట్టుకున్నాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. 1980ల చివర్లో ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో చదువుకునే రోజుల్లో కనిపెట్టిన పద్ధతట. మంచి పద్ధతే, కాదనను. మన పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు, రోజుకు 60 గడియలు. "గడియసేపు కదలకుండా కూర్చుని చదవరా" అని మా పెద్దలు చెప్పిందీ ఇదే. కానీ ఆ యాప్ ఉన్న ఫోన్‌లోనే మెసేజీలూ మోగుతుంటే 25 నిమిషాలు నిలుస్తాయా? బల్ల మీద మామూలు గడియారం చాలదా?

మా కాలంలో ఎర్ర పోస్టు డబ్బా మీద ఉత్తరాలు తీసే వేళ రాసి ఉండేది. ఆలోగా ఉత్తరం ముగించి వేయాల్సిందే, లేకపోతే ఒక పూట వెనకబడినట్టే. ఎంత గడువు ఇస్తే పని అంతకీ సాగుతుందని 1955లో పార్కిన్సన్ అనే రచయిత రాశాడు. ఆ సంగతి మాకు పోస్టు డబ్బాయే చెప్పింది. ఇప్పుడు ఏ మెసేజ్ అయినా ఏ రాత్రయినా పంపొచ్చు కాబట్టి ఏ పనీ సాయంత్రానికి తెమలదు.

ఇంకా బాధ కలిగించేది ఎదుటివాడి కాలమంటే లెక్కలేనితనం. ఆరింటికి సభ అంటారు, ఏడున్నరకు మైకు సర్దుతారు. ఇంట్లోనే ఉండి "దారిలో ఉన్నాం" అంటారు. దేశమంతటి టైముకు ప్రమాణమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ దగ్గర నుంచే పోతుంది. ఆ గడ్డ మీద పుట్టి వేళ తప్పడం మనకు సిగ్గుచేటు.

పిల్లలూ, యాప్‌లు తర్వాత చూసుకుందురు గాని, ముందు మూడు వేళలు ఖాయం చేసుకోండి: నిద్ర లేచే వేళ, పని కట్టిపెట్టే వేళ, ఇంటిల్లిపాదీ అన్నానికి కూర్చునే వేళ. పని చేస్తున్నంతసేపూ ఫోన్‌ను పక్క గదిలో ఉంచండి. ఆరింటికి వస్తానంటే ఆరింటికి వెళ్లండి. మీ కోసం ఎదురుచూస్తూ ఎదుటివాడు పోగొట్టుకున్న గంటను మీరు ఎన్నటికీ తిరిగి ఇవ్వలేరు.