టీకొట్టు వాక్యానికి టీక

మూలం:

“ఎవడొస్తే ఏముందిలేరా మనకి! ఆ కాలవ తీసే నాథుడు లేడు గానీ... సర్లే, గాలెటుందంట? ఇంకో టీ చెప్పు, పంచదార తక్కువ.”

అవతారిక: వాక్యకర్త మా బాబాయి. దేశం గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నం. కాలం 2024 మే 12, ఆదివారం సాయంత్రం. తెల్లవారితే పోలింగు. ముందురోజు సాయంత్రానికే ప్రచారం ఆటోల నోళ్ళు మూతపడ్డాయి, మందు షాపులకూ తాళాలు పడ్డాయి. ఇక ఊళ్ళో మిగిలిన సభాస్థలి ఈ టీకొట్టే. దానికి అటో బల్ల, ఇటో బల్ల. అటు ఒక కండువా వాళ్ళు, ఇటు ఇంకో కండువా వాళ్ళు కూర్చుంటారు. ఆ పూట కండువాలు ఇంట్లో పెట్టి వచ్చారు, కూర్చోవడం మాత్రం మారలేదు. బాబాయి కూర్చునేది రెండింటి మధ్య ఉన్న ప్లాస్టిక్ స్టూలు మీద. చదువరులు ఈ స్టూలును మరువరాదు. వ్యాఖ్యానమంతా దాని మీదే నిలబడి ఉంది.

మెదకు సీమ వాడైన మల్లినాథసూరి టీక రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన కాలంలో ఎన్నికలు లేవు.

ఛందస్సు: వచనమే. యతి గుటక గుటకకీ పడుతుంది.

ఎవడొస్తే = ఏ అభ్యర్థి గెలిచినప్పటికిని. ఏకవచనం చూసి అమర్యాద అనుకోరాదు. అదే అభ్యర్థి గుమ్మంలో నిలబడితే బాబాయి నోట “రండి బాబూ, ఎండన పడి వచ్చారు” అని బహువచనం దానంతటదే వస్తుంది. ఏప్రిల్లో ఒకాయన ఇదే కొట్టు పక్కన టిఫిన్ బండి దగ్గర ఆగి, అట్లకాడ అందుకుని, పెనం మీద పిండి పోసి తిప్పాడు. చుట్టూ ఫోన్లు లేచాయి. ఫొటో పూర్తి కాగానే అట్లకాడ బండాయన చేతిలో పెట్టి తర్వాతి వీధికి వెళ్ళిపోయాడు. అట్టు ఇంకా రెండోవైపు కాలలేదు. ఆ అట్టు బాబాయి వాటాకు వచ్చింది. “చెయ్యి తిరిగినోడేరా, పిండి సమంగా పరిచాడు” అన్నాడు తప్ప ఓటేస్తాననీ అనలేదు, వెయ్యననీ అనలేదు. 

ఏముందిలేరా = ఏమియు లేదురా. వ్యాఖ్యాతలు తడబడే చోటు ఇది. ఇక్కడ కొందరు వైరాగ్యం చూశారు. పట్నవాసపు విశ్లేషకులు కొందరు నిరాశ అన్నారు, ఇంకా పెద్ద చదువులు చదివినవాళ్ళు వ్యవస్థ మీద విశ్వాసం సడలడం అన్నారు. ముగ్గురూ మూలం చదివారే గానీ స్టూలు చూడలేదు.

శంక: ఏమీ లేదన్న మనిషి మర్నాడు చీకటితోనే లేచి, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏడింటికి తలుపులు తెరవకముందే బడి దగ్గర వరసలో ఎందుకు నిలబడ్డాడు? పిన్నిని ఆడవాళ్ళ వరసలో నిలబెట్టి, స్లిప్పు రెండుసార్లు తడుముకుని, ఆధార్ కార్డు కూడా ఎందుకు తెచ్చాడు? పోనీ బాబాయి ఒక్కడే అనుకుందామా? ఈ టీకాకారుడు శనివారం రాత్రంతా హైదరాబాదు నుంచి వచ్చే బస్సులో ఉన్నాడు. పంతంగి టోల్ గేటు దగ్గర సంక్రాంతికి ఆగినట్టే బళ్ళు ఆగిపోయి ఉన్నాయి. డ్రైవరు పక్కన ఇంజను మీద ముగ్గురు, మెట్ల మీద ఇద్దరు. నిలబడి ప్రయాణం చేస్తున్న ఒక కుర్రాణ్ణి “ఎవరొస్తారంటావ్?” అని అడిగితే, “ఎవరొస్తే ఏముందన్నా” అన్నాడు! ఆంధ్రప్రదేశ్‌లో ఆ సోమవారం పోలైన ఓట్లు 80 శాతం దాటాయి. కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటాక కూడా జనం వరసలో ఉన్నారు. ఏమీ లేని దానికోసం ఇంతమంది నిద్ర కాచుకోరు.

సమాధానం: “ఏముందిలే” అన్నది అభిప్రాయం కాదు, తలుపు గడియ. లోపల చట్టం ఏర్పాటు చేసిన రహస్యం ఉంది. అట్టపెట్టె చాటున నీలిమీట నొక్కితే కూత వస్తుంది, పక్క పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనబడి కింద పడుతుంది, ఇక బ్రహ్మకి కూడా తెలియదు. మరి బయట? బయట రెండు బల్లలున్నాయి. అటు కూర్చున్న వాడు కిరాణాకొట్టు యజమాని, బాబాయికి అప్పిస్తాడు. ఇటు కూర్చున్నది పిన్ని తమ్ముడి వియ్యంకుడు. ఎవరి ముందు పేరు ఎత్తినా ఐదేళ్ళు మాట్లాడుకోవడం కష్టం. అంచేత ఒకే మాటతో ఇద్దరికీ సగం సగం సంతోషం పంచిపెట్టాడు. అటువాడు ‘మన మీద కోపం లేదు’ అనుకున్నాడు, ఇటువాడు ‘వాళ్ళ మీద మోజు లేదు’ అనుకున్నాడు. ఆలంకారికులు దీన్ని శ్లేష అంటారు, పార్టీ వాళ్ళు సైలెంట్ ఓటు అంటారు. పిన్నికి కూడా బాబాయి ఓటు తెలియదు. పిన్ని ఓటు బాబాయికి అసలే తెలియదు.

మనకి = మనకు. ఇందులో టీకాకారుడు ఉన్నాడా లేడా అన్నది సందేహం.

ఆ కాలవ తీసే నాథుడు లేడు = ఇంటి ముందటి మురుగుకాలవలో పూడిక తీయించువాడు లేడు. ‘ఆ’ అనడంతో చెయ్యి కూడా చూపించాడు. ఆ చెయ్యి వెంట చూస్తే, టీకొట్టు ముందు నుంచి బాబాయి వీధిలోకి తిరిగే సైడు కాలవ కనిపిస్తుంది. మామూలు రోజుల్లో దాని సంప్రదాయం ఇది: రెండు మూడు నెలలకోసారి పారలవాళ్ళు వచ్చి, నల్లటి పూడిక తీసి గట్టు మీదే కుప్ప పోస్తారు. ట్రాక్టరు రేపొస్తుందంటారు. ఈలోగా వానొచ్చి ఆ కుప్పను తిరిగి కాలవకే అప్పజెబుతుంది. ఆ ఏడాది అది కూడా లేదు. మార్చి 16న షెడ్యూలు ప్రకటించింది లగాయతు ఏది అడిగినా ఒకటే జవాబు, “కోడ్ అండీ”. నిజానికి ఎన్నికల కోడ్ అడ్డుపడేది కొత్త పనుల మంజూరుకీ శంకుస్థాపనలకీ. పార పట్టుకుని పూడిక ఎత్తడానికి అది ఏమీ అనదు. కానీ కోడ్ చదివినవాడు మా వార్డులో లేడు. సెంటర్లో విగ్రహానికి తెల్లగుడ్డ చుట్టి పురికొస కట్టారు, శిలాఫలకాల మీద కాగితాలు అంటించారు, ఆ ఊపులో కాలవను కూడా అలాగే వదిలేశారు. రోడ్ షో వెళ్ళిన మర్నాడు మంచినీళ్ళ ప్యాకెట్లు, పూలరేకులు, కరపత్రాలు అందులోకే చేరాయి. ఒక కరపత్రం బోర్లాపడి సగం మునిగింది. దాని మీద “పారిశుధ్యానికి పెద్దపీట” అన్న హామీ పైకే కనబడుతోంది. ఏ పార్టీదో చెప్పను, రెండోవాళ్ళ కాగితంలోనూ అదే ఉంది. ఓట్లు పడ్డాక లెక్కింపు జూన్ 4న. అప్పటిదాకా కోడ్ ఎత్తరు. ఇరవై రెండు రోజులు పెట్టెలు స్ట్రాంగ్ రూములో, పూడిక కాలవలో.

గానీ... = ఈ చుక్కల్లో చాలా ఉంది. అటు బల్ల మీదివాడు తల తిప్పి చూశాడు. అందుకే వాక్యం తెగింది.

సర్లే = మాట మార్చుటకు వాడు అవ్యయము.

గాలెటుందంట? = గాలి ఎటువైపు వీచుచున్నదని జనులు అనుచున్నారు? తాను ఏమనుకుంటున్నాడో చెప్పలేదు, లోకం ఏమంటోందో అడిగాడు. బాబాయి ఇదే ప్రశ్న పాలవాణ్ణీ, మంగలి షాపు అతన్నీ, ఆర్టీసీ కండక్టర్నీ అడుగుతాడు. దేశంలో ఏడు విడతలు, మనది నాలుగోది. చివరి విడత జూన్ 1న ముగిసేదాకా ఎగ్జిట్ పోల్స్ చెప్పకూడదు. కాబట్టి ఆ మధ్యకాలం అంతా జనానికి ఈ గాలే గతి. బాబాయి పద్ధతి నాకు పనికొచ్చేదిగా తోచింది. చెప్పిన జవాబు ఆయన పట్టించుకోడు, చెప్పిన తీరు చూస్తాడు. “గెలుస్తామన్న ధీమా ఉన్నోడు పందెం అడుగుతాడురా. లేనోడు కులాలవారీగా లెక్కలు చెబుతాడు.” ఆ సాయంత్రం ఒక బల్ల మీద లెక్కలు జోరుగా సాగాయి. ఏ బల్లో నేను రాస్తే ఇన్ని పేజీల టీకా వృథా.

ఇంకో టీ చెప్పు = మఱియొక టీకి ఆజ్ఞ ఇమ్ము. ఇది మామూలు ఆజ్ఞ అనుకునే వాళ్ళ కోసం ఒక వివరం. శాసనసభ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. సభలో పంచే టీకి కూడా అధికారులు ధర కట్టి ఆయన ఖాతాలో రాస్తారు. బాబాయి ఖాతా దీనికి అద్దంలో బొమ్మ: ఎవరి టీ తాగితే వాళ్ళ లెక్కలో పడతామని ఆయన భయం. కుడివైపు నుంచి అప్పటికే ఒక గ్లాసు బయల్దేరింది. “తాగండి పెద్దాయనా, నాది” అని వియ్యంకుడు చెయ్యి చాపాడు. బాబాయి నవ్వుతూ “మావాడు చెప్పాడులే అబ్బాయ్” అన్నాడు. అప్పటికి నేను చెప్పలేదు. అప్పుడు చెప్పాను, డబ్బులూ ఇచ్చాను.

పంచదార తక్కువ = ఇది పిన్ని శాసనం. ‘చక్కెర తక్కువ’ అని తెలంగాణ ప్రతుల్లో పాఠాంతరం. టీకొట్టతను మాత్రం ఏ పాఠమైనా వేసేదే వేస్తాడు.

తాత్పర్యం: గ్రంథవిస్తర భీతి వల్ల రాయలేదు. రాస్తే బాబాయి ఓటు బయటపడుతుంది.