పదిహేనో పేరు

సూర్యాపేట పక్కన ఓ పల్లె. మూడెకరాల రైతు. కొడుకు పది పాసైన ఏడు ఒక ఎకరం అమ్మి, హైదరాబాద్‌లో హాస్టలున్న కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీలో చేర్చాడు. పత్తికి మందు కొట్టి కొట్టి కళ్లు పాడుచేసుకున్న మనిషి. ఆ మందు పంపు కొడుకు వీపు మీదికి రాకూడదన్నదే ఆయన లెక్క. ఆ లెక్కను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఎంసెట్‌లో ర్యాంకు పదివేలు దాటింది. దాటిన బీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో సర్కారు ఇచ్చేది ఏడాదికి 35,000 రూపాయలు. పైది తండ్రే కట్టుకోవాలి. ఆ సర్కారు సొమ్మూ బకాయి పడింది. డబ్బంతా కడితే గానీ సర్టిఫికెట్లు ఇవ్వమంది కాలేజీ. వాటిని విడిపించేసరికి రెండో ఎకరం పోయింది.

పట్టా చేతికొచ్చాక అమీర్‌పేటలో కోర్సులు, ఇంటర్వ్యూలు. చివరికి తాను ఇంటర్ చదివిన కాలేజీలోనే పీఆర్వోగా కుదిరాడు. ఇంట్లో మాత్రం ‘కాలేజీల నౌకరీ’ అన్నాడు. సారు అయ్యాడనుకున్నాడు తండ్రి.

పది పరీక్షలు మార్చిలో. షెడ్యూలు రాకముందే పిల్లల్ని చేర్చుకోవద్దని ఇంటర్ బోర్డు చెబుతూనే ఉంటుంది. పీఆర్వోలు మాత్రం డిసెంబరు నుంచే బళ్ల చుట్టూ తిరుగుతారు. పిల్లల పేర్లు, తండ్రుల ఫోన్ నంబర్లు రాసుకుంటారు, ఇళ్లకు పోయి అడ్వాన్సు కట్టించుకుంటారు. టార్గెట్ నిండితేనే పూర్తి జీతం. ఇతనిది పదిహేను. పద్నాలుగు దగ్గర ఆగింది.

సంక్రాంతికి ఇంటికొచ్చాడు. చెల్లెలు కస్తూర్బా బడిలో పది చదువుతోంది, క్లాసులో ఫస్టు. ఆ బడిలోనే ఇంటర్ కూడా ఉంది. ఫీజు లేదు, తిండీ పడకా అక్కడే. స్నేహితురాళ్లంతా అక్కడే చేరతామంటున్నారు, తనూ చేరాలనుకుంటోంది.

రాత్రి అన్నాలయ్యాక రసీదు పుస్తకం తీశాడు కొడుకు.

“నాయినా, స్టాఫోళ్ల ఇంటి పిల్లలకు ఇరవై శాతం తగ్గిస్తరు.”

తండ్రి మొహం వెలిగిపోయింది. “చూసినవా, వాని సదువుకు పెట్టిన పైసలు ఇయ్యాల అక్కరకొచ్చినయ్” అన్నాడు భార్యతో. మిగిలిన ఎకరానికి తెల్లారే బేరం మాట్లాడతానన్నాడు.

“కస్తూర్బల ఉన్నది గదా, పైసా లేకుంట” అంది తల్లి. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు.

చెల్లెలు అన్న నోటుబుక్కు తెరిచి చూసింది. పద్నాలుగు పేర్ల కింద, 15 అంకె పక్కన, అప్పటికే రాసి ఉంది తన పేరు. కాసేపు దాన్నే చూసి నెమ్మదిగా అడిగింది.

“అన్నా, నా సదువైనంక నాకూ ఇదే నౌకరీ ఇస్తే, నా లిస్టుల రాయనీకి మనింట్ల ఇంకెవలున్నరే?”