పేరుకే చెవిని

నన్ను తాళంచెవి అంటారు. పేరులో చెవి ఉందన్న మాటే గానీ, పుట్టిన దగ్గర్నుంచి నాకు తెలిసిన పని మాట్లాడటమే. వినే చెవి కారులో ఉంది. నా బటన్ నొక్కితే 433.92 మెగాహెర్ట్జ్ మీద ఒక మాట అంటాను. కారు అది విని తలుపులు తెరుస్తుంది. విన్నదో లేదో నాకు తెలిసే దారి లేదు. ఇండికేటర్లు రెండుసార్లు వెలిగితే మాస్టారికి తెలుస్తుంది, మాస్టారు నన్ను జేబులో వేసుకుంటే నాకు తెలుస్తుంది.

నాలోనూ ఒక చెవి ఉందని బయటపడ్డది, అది పోయిన రోజున.

2014లో కారుతోపాటు ఇద్దరం వచ్చాం, కవలలం. విజయవాడలో గుడి ముందు కారు టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, మా ఇద్దరికీ బొట్టు పెట్టారు. ఆ సాయంత్రమే అన్నను ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచేశారు అమ్మగారు. నేను మాస్టారి జేబులో పడ్డాను. ఆయన రిటైరైన తెలుగు పండితుడు. జేబులో నాతోపాటు చిల్లర, పొడుం డబ్బీ, మడతలుపడ్డ రసీదులు ఉండేవి. ఆ పొడుం నా బటన్ల సందుల్లోకి ఎంత దిగిందో నాకే తెలుసు.

నేను ఒకసారి అన్న మాట మళ్లీ అనను. నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య కలిపి మాట్లాడతాను. ఎవడో చాటుగా నా మాటను పట్టి దాచుకుని, మర్నాడు కారుకు వినిపించినా అది పాత మాటే కదా, కారు లెక్కచేయదు. 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టిన కీలాక్ అనే పద్ధతి ఇలాంటి లెక్కకు పేరు మోసింది. అందులో లెక్క 65,536 దాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. కారు వినని చోట ఎన్నిసార్లు నొక్కితే తాళం అన్ని అంకెలు ముందుకు వెళ్లిపోతుంది. పదహారు దాకా కారు పట్టించుకోదు. అది దాటితే మాత్రం అనుమానం వస్తుంది. వరుసగా రెండు నొక్కులు విన్నాక, తన పద్దు సరిచేసుకుని తలుపు తీస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాస్టారి మనవడు వేసవి సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడల్లా నాలుగో అంతస్తు బాల్కనీలో కూర్చుని, సెల్లారులో ఉన్న కారును ఉద్దేశించి నన్ను నొక్కుతూనే ఉంటాడు. వాడు వెళ్లాక మొదటి నొక్కు ఎప్పుడూ వృథాయే. మాస్టారు రెండోసారి నొక్కి, "ముసలితనం వచ్చింది దీనికి" అనేవారు. ముసలితనం కాదు మహాప్రభో, మీ మనవడు.

అసలు కష్టం మొన్న రోహిణీ కార్తెలో వచ్చింది. బీసెంట్ రోడ్డులో బట్టలు కొని, ఏలూరు రోడ్డు పక్క సందులో పెట్టిన కారు దగ్గరికి వచ్చాం. మాస్టారు నొక్కారు. ఏమీ లేదు. దగ్గరికెళ్లి నొక్కారు. అరచేతికేసి కొట్టి నొక్కారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది" అన్నారు. చివరికి నా ఇనుప నాలుకను బయటికి తీసి తలుపు తెరిచారు. రిమోటుతో మూసిన తలుపును అలా తెరిస్తే కారు దొంగనే అనుకుంటుంది. సందంతా దద్దరిల్లేలా హారన్ మోగింది. చెరుకురసం బండి దగ్గరున్నవాళ్లంతా ఇటే చూశారు. చెమటలు కక్కుతూ లోపల కూర్చుని నన్ను తిప్పగానే మోత ఆగింది, ఇంజను మామూలుగా స్టార్టయింది.

"చచ్చిపోయిన తాళంతో కారు ఎలా కదిలిందండీ?" అని దారిలో అడిగారు అమ్మగారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఆ ప్రశ్న ఆ రోజే పట్టుకుని ఉంటే తర్వాతి గొడవంతా తప్పేది. మాస్టారు ఏసీ పెంచారు.

మర్నాడు గవర్నర్‌పేటలో ఒక వాచీల కొట్టు. నా డొక్క విప్పి, బిళ్ళ బ్యాటరీ మార్చారు. కాసేపటికే నేను పలకడం, మానడం, మళ్లీ పలకడం. నాలో ఉండాల్సింది సీఆర్ 2032. మొదటి రెండంకెలు బిళ్ళ అడ్డకొలత, 20 మిల్లీమీటర్లు. చివరి రెండూ మందం, 3.2 మిల్లీమీటర్లు. కొట్టులో వేసింది 2025. అదీ మూడు వోల్టులే, అదీ అంతే గుండ్రం, కానీ మందం రెండున్నరే. తగిలీ తగలకుండా లోపల ఆడుతోంది. అమ్మగారు గోటితో పైకి తీసి, మీద అచ్చేసిన అంకె చదివి, వెనక్కి పంపించారు. టీపాయ్ మీద పెట్టిన పాత బిళ్ళను మాత్రం ఆ క్షణమే టేపు చుట్టి ఎత్తి పెట్టేశారు. పక్క ఫ్లాటు పసిపిల్ల పాకుతూ వస్తుంటుంది. మింగిన బిళ్ళ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. నాలో ఉన్న వస్తువే గానీ, దాన్ని తలచుకుంటే నాకే భయం.

సరైన బిళ్ళ పడింది. లాక్ బటన్ చక్కగా పనిచేసింది. అన్‌లాక్ మాత్రం బొటనవేలు తెల్లబడేలా నొక్కితే ఒకసారి పలికేది, నాలుగుసార్లు పలికేది కాదు.

"ఈ బ్యాటరీ కూడా డొల్లదే" అన్నారు మాస్టారు.

"రెండు బటన్లకూ బ్యాటరీ ఒకటే కదండీ. అది అయిపోతే లాక్ మాత్రం ఎలా పడుతుంది?" అన్నారు అమ్మగారు.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు. నాకైతే ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

సాయంత్రం మాస్టారు నన్ను ఒక్కదాన్నే తీసుకుని, రోడ్డు పక్క గొడుగు కింద తాళాలు చేసే అతని దగ్గరికి నడిచారు. అతను భూతద్దంలో చూసి, "అన్‌లాక్ స్విచ్ కింద టంకం వదిలేసింది మాస్టారూ. రబ్బరు కూడా చిరిగింది. కేసు మార్చేద్దాం, కొత్తదానిలా ఉంటుంది" అన్నాడు. పొడుం తుడిచి, చుక్క టంకం పెట్టి, సర్క్యూట్ బోర్డునూ ఇనుప నాలుకనూ కొత్త డొక్కలోకి ఎక్కించాడు. పాత డొక్కను గోనెసంచిలోకి విసిరేశాడు. చిన్న మీటరు దగ్గర పెట్టి నొక్కితే అంకె పడింది. నేను మెరిసిపోతున్నాను. కానీ ఏదో వెలితి. ఊరంతా ఒక్కసారిగా సద్దుమణిగినట్టు.

సెల్లారులో ఒక్క నొక్కుకే తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారు మీసం సవరించుకుని నన్ను తిప్పారు. ఇంజను అందుకుంది, ఒక్క క్షణం ఆడి ఆగిపోయింది. మళ్లీ తిప్పారు. మళ్లీ అంతే. మీటర్ల పక్కన ఎర్రదీపం టపటపా కొట్టుకుంటోంది.

ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్‌కు ఫోను చేశారు. "ఈసీఎం పోయుంటది గురువుగారూ, బండి పంపిస్తాను, లాక్కొచ్చేద్దాం" అన్నాడు అటునుంచి. ఈసీఎం అంటే ఏమిటో మాస్టారికి తెలియదు. ధర మాత్రం తెలిసింది. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయారు.

"ముందు రెండో తాళం పెట్టి చూడండి" అంటూ అమ్మగారు కిందికి దిగి వచ్చారు. చేతిలో అన్న. ఇన్నేళ్లూ నాఫ్తలీన్ వాసనలో పడుకున్నవాణ్ణి తిప్పగానే కారు గుర్రుమంది.

అప్పుడు తేలింది సంగతి. స్టీరింగు పక్కన నన్ను దూర్చే కన్నం చుట్టూ ఒక రాగితీగ చుట్ట ఉంటుంది. తిప్పగానే అది 125 కిలోహెర్ట్జ్ మీద 'ఎవరు?' అని అడుగుతుంది. నాలో ఉన్న చిప్ ఆ అడుగు నుంచే శక్తి తీసుకుని, 'నేనే' అని జవాబిస్తుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. జవాబు రాకపోతే ఇంజనుకు ఇంధనం అందదు. ఇమ్మొబిలైజర్ అంటారు దాన్ని. ఐరోపాలో 1990ల చివరికే కొత్త కార్లకు తప్పనిసరి చేశారు. ఏలూరు రోడ్డు సందులో రిమోటు మూగబోయినా కారు కదిలింది అందుకే. నాలో వినేది ఆ ఒక్క ముక్కే. దాన్ని బోర్డు మీద కాదు, డొక్క గోడలో విడిగా ఒక అర చేసి ఇరికించారు. డొక్కతోపాటు నా చెవి గోనెసంచిలోకి పోయింది.

మర్నాడు పొద్దున్నే గొడుగు కింద సంచి బోర్లించారు. తాళాలతను నాలుక కరుచుకుని వెతుకుతున్నాడు. పదుల కొద్దీ ఖాళీ డొక్కలు, అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. మాస్టారు చతికిలబడి ఒక్కొక్కటే తడుముతూ పోయి, ఒకచోట ఆగారు. చిరిగిన రబ్బరు మీద గుంట. అందులో తన బొటనవేలు పెట్టి చూశారు. సరిపోయింది. మూలలో చింతగింజలో సగమంత నల్లముక్క. తాళాలతను జిగురు చుక్క వేసి నాలో అతికించాడు, డబ్బులు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఇప్పుడు అన్నా నేనూ నెలకొకరం చొప్పున జేబులోకి వెళ్లాలని అమ్మగారి ఉత్తర్వు. ఈ నెల నాది బీరువా. చీకటి, పట్టుచీరల బరువు. పొడుం లేదు, హాయిగా ఉంది. ఎల్లుండి పండక్కి మనవడు వస్తున్నాడట. బీరువా తాళం ఎక్కడ పెడతారో వాడికి తెలుసు.