అట్టపెట్టె మీది 42 గారికి

42 గారూ,

నేనెవరో మీకు తెలియదు. మీరు మాత్రం నాకు బాగా తెలుసు. షూ నాలుక వెనక, అట్టపెట్టె పక్కన, ఆన్‌లైన్ దుకాణంలో రంగుల కింద చిన్న గడిలో మిమ్మల్ని చూడని వారం లేదు. హైదరాబాద్‌లో తెల్లారగట్ల సైకిళ్లు తొక్కే మా గుంపులో ఎవరైనా కొత్తగా చేరి, మొదటిసారి క్లీట్ షూ కొంటామంటే తోడు వెళ్లే పని నా మీద పడింది. ఈ తిరుగుళ్లలో మాకు అడ్డం పడేది ధర అనుకునేరు. కాదు, మీరే. నలుగురి ముందే తేల్చుకుందామని ఈ ఉత్తరం.

ఫిర్యాదు ఒక్కటే. మీరు పాదం కొలత కాదు. అయినా పాదం కొలతలాగే చెలామణీ అవుతున్నారు.

మీ పుట్టుక సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను, ఏమీ అనుకోకండి. షూ చేసేవాళ్ల దగ్గర పాదం ఆకారంలో ఒక అచ్చు ఉంటుంది. పూర్వం చెక్కది, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌ది. షూ దాని మీదే ఒళ్లు పోసుకుంటుంది. మీ లెక్కంతా ఆ అచ్చు పొడవుకు సంబంధించింది. ఫ్రెంచి పద్ధతిలో ఒక్కో అంకెకూ సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే 6.67 మిల్లీమీటర్లు. దాన్ని 42తో గుణిస్తే 280. కాగితం మీద మీరు 28 సెంటీమీటర్ల అచ్చు, అంతే. అందులో ఎంత పాదం పడుతుందో మీరు చెప్పరు. వేళ్ల ముందు ఎంత చోటు వదలాలన్నది కంపెనీ ఇష్టం. షిమానో పట్టికలో మీ ఎదురుగా 26.5 సెంటీమీటర్ల పాదం అని ఉంటుంది. ఇంకో కంపెనీ పట్టిక తీస్తే ఆ అంకె అటో ఇటో జరుగుతుంది. పాదం ఒక్కటే, మీరూ ఒక్కరే, షూ మాత్రం ఒకచోట పట్టేస్తుంది, ఒకచోట జారిపోతుంది.

దీనికి తోడు మన దేశంలో షూ అడిగేటప్పుడు ఎవరూ మీ పేరు చెప్పరు. "నాది ఎనిమిది" అంటారు. ఆ ఎనిమిది ఇంగ్లీషువాళ్ల కొలత, అంగుళంలో మూడో వంతు. ఒకప్పుడు బార్లీ గింజ పొడవు అని లెక్కగట్టింది. అది 8.47 మిల్లీమీటర్లు, మీ మెట్టు 6.67. రెండు నిచ్చెనలు పక్కపక్కన నిలబెడితే మెట్లు ఎక్కడా సరిగ్గా కలిసి రావు కనుక ఎవరికి తోచినట్టు వాళ్లు సర్దుకున్నారు. నైకీ పట్టికలో మీకు జోడీ యూకే 7.5. అడిడాస్ పట్టికలో యూకే 8. సైకిలు షూలు చాలావరకూ మీ లెక్కలోనే వస్తాయి కాబట్టి, ఊళ్లో ఎనిమిది వేసుకుని తిరిగే మనిషి మీ దగ్గరికి వచ్చేసరికి సగం ఊహ మీదే బతకాలి.

పొడవు సంగతి అలా ఉంచండి. వెడల్పు? మడమ సన్నమా లావా? పాదం పైభాగం ఎత్తా? వీటి గురించి మీరు నోరు విప్పరు. పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి ఎత్తు ఒక్కటే చెప్పి, ముహూర్తం పెట్టేసుకోండి అన్నట్టుంది మీ వ్యవహారం.

మామూలు షూ అయితే నేను ఇంత రాద్ధాంతం చేసేవాణ్ని కాదు. నడిచేటప్పుడు పాదం వంగుతుంది, షూ కూడా వంగుతుంది. ఒకచోట నొక్కితే అడుగు మారేసరికి ఆ నొక్కుడు ఇంకోచోటికి పోతుంది. రోడ్డు సైకిలు షూ అడుగు నైలానుదో కార్బన్‌దో, గట్టి పలక. వంగకపోవడమే దాని గొప్ప. దాని కింద క్లీట్ అని చిన్న ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. అది పెడల్‌లో టక్కున ఇరుక్కుంటే ఇక పాదం ఉన్నచోటే ఉంటుంది. నిమిషానికి 80 తొక్కుల లెక్కన గంటకు 4,800 సార్లు ఒకే చోట ఒకే ఒత్తిడి. 200 కిలోమీటర్ల బ్రెవే అనే దూరపు రైడుకి గడువు 13 గంటల 30 నిమిషాలు. మొదటి గంటలో "కొంచెం టైట్‌గా ఉందిలే" అనిపించిన చోటు, చేవెళ్ల దాటి ఎండెక్కాక, రెండో వేలికీ మూడో వేలికీ మొదట్లో నిప్పు కణిక పెట్టినట్టు మండుతుంది. మావాళ్లు దాన్ని హాట్‌స్పాట్ అంటారు. రోడ్డు పక్కన మర్రిచెట్టు కింద షూ విప్పి, సాక్సుతోనే నేల మీద నిలబడి వేళ్లు విదిలించుకుంటున్న మనిషి కనిపిస్తే అడగకుండానే చెప్పొచ్చు, అతను వెడల్పు చూసి కొనలేదు, మిమ్మల్ని చూసి కొన్నాడు.

ఈ క్లీట్ పెడల్ ఎక్కడినుంచి వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. మంచు మీద జారే స్కీలకు బూట్లను పట్టి ఉంచే బిగింపులు చేసే ఫ్రెంచి కంపెనీ లుక్, 1984లో ఆ ఉపాయాన్నే పెడల్‌కి తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్డ్ ఇనో ఆ పెడళ్లతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అప్పటిదాకా పాదాన్ని తోలు పట్టీతో పెడల్‌కి కట్టుకునేవారు. నాకు వింతగా తోచేది ఇక్కడే. స్కీ బూట్లు అమ్మేది మీ లెక్కన కాదు. మాండోపాయింట్ అనే పద్ధతిలో పాదం పొడవునే చెప్తారు. 26.5 అంటే 26.5 సెంటీమీటర్ల పాదం, మధ్యలో అచ్చు ఊసు లేదు. అసలు ఆ పద్ధతిలో పొడవుతో పాటు పాదం వెడల్పు కూడా మిల్లీమీటర్లలో రాసే వీలుంది. స్కీల దగ్గర్నుంచి బిగింపు తెచ్చుకున్న సైకిలువాళ్లు కొలత కూడా తెచ్చుకుని ఉంటే మీతో నాకీ గొడవ ఉండేది కాదు.

ఇప్పుడు దుకాణంలో జరిగేది. నగరంలోనే ఒక షాపు, పేరెందుకు. మా గుంపులో చేరిన ఒకాయన పాదం మంచి వెడల్పు, వేళ్లు విచ్చుకుని ఉంటాయి. 42 తొడిగితే చిటికెన వేలు పక్కగోడకి ఒత్తుకుని షూ బయటికి కూడా బొడిపెలా కనిపిస్తోంది. షాపు అబ్బాయి వంగి చూసి, "పొడవు కరెక్ట్ ఉంది సార్. వెడల్పు వేసుకోగా వేసుకోగా సెట్ అయిపోద్ది" అన్నాడు. తోలు షూల కాలంలో అది నిజమే. ఇప్పుడు ఎక్కువ షూల పైభాగం సింథటిక్, సాగకుండా ఉండేలాగే చేస్తారు. ఆ మాట అంటే, "అయితే 43 ఇస్తా సార్" అని లోపలికి పరిగెత్తాడు.

పిల్లాణ్ని తప్పుపట్టను, అతనికి మీరు తప్ప ఇంకో పరికరం లేదు. కానీ వెడల్పు చాలనివాడికి మీ పెద్దన్నయ్యను తగిలించడమే ఈ వ్యాపారంలో అన్నిటికంటే చెడ్డ మందు. 43కి వెళ్తే పొడవు 6.67 మిల్లీమీటర్లు పెరుగుతుంది. వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరిగితే ఎక్కువ. పైగా అసలు చిక్కు అడుగున ఉంది. బొటనవేలి మొదట్లో లోపలివైపు పొడుచుకొచ్చే ఎముక ఒకటి, చిటికెన వేలి మొదట్లో బయటివైపు ఒకటి. పెడల్ ఇరుసు ఈ రెండింటి మధ్య ఎక్కడో పడాలి. షూలో క్లీట్ బిగించే గాడిని కంపెనీ పొడవాటి పాదాన్ని ఊహించుకుని పెడుతుంది. మన పాదం పొట్టిదైతే ఆ ఎముకలు గాడికి వెనక పడతాయి. క్లీట్‌ను వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతూ పోతాం, గాడి అయిపోతుంది. ఇరుసు వేళ్ల కిందికి వచ్చి పిక్కలు లాగుతాయి, మడమ పైకీ కిందికీ ఆడుతుంది, దాన్ని ఆపడానికి షూ పైన ఉండే బిగింపు డయల్ తిప్పితే పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది. ఒక నొప్పిని ఇచ్చి మూడు నొప్పులు తెచ్చుకోవడం.

అంత వెడల్పు పాదాలు మనవాళ్లకే ఎందుకని అడక్కండి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్షమందికి పైగా పాదాలు త్రీడీ స్కానర్లతో కొలిపించింది. యూరప్, అమెరికా వాళ్ల పాదాలకంటే మనవి వెడల్పని తేలింది. మనకంటూ వేరే సైజుల పద్ధతి కావాలని 'భా' పేరుతో ఒకటి ప్రతిపాదించారు కూడా. అది వచ్చి ఇటలీ సైకిలు షూల మీద ముద్ర పడేదాకా మేం ఆగలేం కనుక, మీతో వేగుతూనే మా తంటాలు మేం పడుతున్నాం.

మీరు దాచిపెట్టేది కంపెనీల చరిత్రలో దొరుకుతుంది. ఇటలీవాళ్ల సిడి 1960 నుంచి ఉంది, అచ్చు సన్నమని పేరు. ఆ సంగతి వాళ్లకీ తెలుసు కనుకే కొన్ని మోడళ్లలో మెగా అని వెడల్పు రకం చేశారు. షిమానో కొన్ని మోడళ్లను వైడ్ పేరుతో వేరే అమ్ముతుంది. అమెరికా కంపెనీ లేక్ ఒకే అచ్చుతో సరిపెట్టుకోదు, ఒక్కో మోడల్‌కి ఒక్కో అచ్చు, మళ్లీ అందులో వెడల్పు రకాలు. ఆస్ట్రేలియావాళ్ల బాంట్ స్కేటింగ్ బూట్ల తయారీ నుంచి వచ్చిన కంపెనీ. వాళ్ల షూలను ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర వేడిచేసి, వేడి మీదే తొడుక్కుని పాదానికి తగ్గట్టు మలుచుకోవచ్చు. కేకులు చేసే ఓవెన్‌లో షూ పెట్టడానికి ఇంట్లోవాళ్లను ఒప్పించగలిగితే! స్పెషలైజ్డ్ కంపెనీ షూల్లో బొటనవేలి వైపు అడుగు 1.5 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, మోకాలు లోపలికి వాలకుండా. కొందరికి అది హాయి, కొందరికి పాదం బయటికి దొర్లుతున్నట్టుంటుంది. ఈ షూలన్నీ పక్కపక్కన పేర్చి చూడండి, అన్నిటి నాలుక మీదా మీరే, అదే 42.

అందుకని మావాళ్లను నేను మీ దగ్గరికి తిన్నగా పంపను. ముందు ఇంట్లో ఒక ఏ4 కాగితం గోడకి ఆనించి పెట్టమంటాను. సాయంత్రం పూట, ఆ రోజు నడిచి, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు. రైడుకు వేసుకునే సాక్సు తొడిగి, మడమ గోడకి ఆనించి, బరువంతా ఆ కాలి మీదే వేసి నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం పరుచుకోదు, కొలత అబద్ధం చెప్తుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకుని ఇంకొకరు గీయాలి. వంగి మనమే గీసుకుంటే బరువు మడమ మీదికి పోతుంది. రెండు పాదాలూ గీయాలి, చాలామందికి ఒకటి పెద్దదే. పెద్దదాన్నే నమ్మాలి. అన్నిటికంటే పొడవాటి వేలి దాకా పొడవు, వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు, మడమ నుంచి బొటనవేలి ఎముక దాకా ఇంకో కొలత. ఈ మూడోది అమెరికాలో చార్లెస్ బ్రానాక్ 1920ల్లోనే తన లోహపు పరికరంలో పెట్టాడు. మన షాపుల్లో ఆ పరికరం ఉన్నా పొడవు చూసి పక్కన పెడతారు. పాదం ఒకటే పొడవున్న ఇద్దరిలో ఒకరికి వేళ్లు పొడుగు, ఇంకొకరికి పొట్టి. ఇద్దరి క్లీట్లూ ఒకచోట కుదరవు.

షాపులో ఇంకో పని చేయిస్తాను. తొడుక్కోకముందే షూ లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడమంటాను. చిటికెన వేలు అంచు దాటి నేలకు తగిలిందంటే ఆ షూ తిరిగి పెట్టెలోకే, రంగు ఎంత బాగున్నా. ఈ పరీక్ష నెగ్గినవి మాత్రమే తొడగాలి. తొడిగాక తివాచీ మీద నాలుగడుగులు వేసి "మడమ లేస్తోంది" అని భయపడిపోతారు కొందరు. అడుగు వంగదు కదా, నడిస్తే ఎవరి మడమైనా కొద్దిగా లేస్తుంది. స్టాండ్ మీద సైకిలు పెట్టి కాసేపు తొక్కించే షాపైతే అక్కడ తెలుస్తుంది. కాలు పైకి లాగేటప్పుడు మడమ కప్పులోనే ఉందా, వేళ్లు లోపల పియానో వాయించగలుగుతున్నాయా, డయల్ పూర్తిగా బిగించకుండానే పట్టుందా. డయల్ చివరిదాకా తిప్పితేగానీ నిలవని షూ ఎండలో పాదం ఉబ్బాక ఏం చేస్తుందో ఆలోచించుకోవాలి. ఉబ్బితే వదులు చేయొచ్చు, కానీ వదులు చేస్తే మడమ జారుతుంది.

ఇంత తంతూ మీవల్లే. పాదం పొడవు ఇంత, వెడల్పు ఇంత అని అట్టపెట్టె మీద మిల్లీమీటర్లలో రెండు అంకెలు అచ్చేయడానికి ఏ కంపెనీకైనా ఎంత సిరా ఖర్చవుతుంది? మీరు పూర్తిగా తప్పుకోవాలని కూడా నేను అడగడం లేదు, గోదాములో సరుకు లెక్కపెట్టుకోవడానికి మీరు పనికొస్తారు. ఆ మూలన కూర్చోండి. మా పాదాల ముందు మాత్రం ఆ రెండు అంకెలకూ చోటివ్వండి.

ఇట్లు,
ఎడమ 264, కుడి 268, వెడల్పు 106

తా.క.: మీ తమ్ముడు 42.5 గారికి ఈ ఉత్తరం చూపించవద్దు. ఆయన మీకంటే 3.3 మిల్లీమీటర్లే ఎక్కువైనా నా కుడి పాదానికి సరిగ్గా పనికొచ్చే మనిషి. అన్ని కంపెనీలూ ఆయన్ని చేయవు, చేసినవాటిలో కూడా షాపుకి తెప్పించేది తక్కువ. ఎక్కడైనా కనిపిస్తే మావాళ్లకు ఒక జత పక్కన పెట్టమని చెప్పగలరు.